చూపులేని విద్యార్థి - అరబ్బీ డాక్టరేటు

పోయిన ఉగాదినాడు మన సంఘ భవనంలో పంచాంగ శ్రవణం ముగిసి పచ్చడి పంచుతూండగా, ఒక కుర్రవాడు తాను అరబ్బీ సాహిత్యంలో డాక్టరేటుకు చేరబోతున్నట్లు చెప్పినాడు. పెద్దలలో ఒకరు, "ఏమిరా అబ్బాయీ, గల్ఫులో ఉద్యోగం చూచుకొన్నావా?" అన్నారు. మరొకరు, "మన పిల్లలకు తెలుగే రాకుండా పోతూంటే నీకు అరబ్బీ ఎందుకురా?" అన్నారు. కుర్రవాడు నవ్వి ఊరుకొన్నాడు. వారి ప్రశ్నకు జవాబు కాగల చరిత్ర ఒకటి ఈజిప్టు దేశంలో జరిగినది. ఆ కుర్రవాని పక్షాన దానిని ఇక్కడ వ్రాస్తున్నాను.

తాహా హుసేన్ 1889లో, ఎగువ ఈజిప్టులోని మఘాఘా పట్టణానికి దగ్గరి పల్లెలో పుట్టినాడు. పదముగ్గురు సంతానంలో ఏడవవాడు. మూడేండ్ల ప్రాయంలో కండ్ల జబ్బు చేసింది. ఆ ఊళ్ళో క్షురకుడే వైద్యుడు. మన పల్లెలలోను ఒకప్పుడు అంతే గదా. అతని వైద్యంతో పిల్లవాని చూపు పోయింది. అట్టి పిల్లలకు ఆ దేశంలో కనబడే దారి ఒక్కటే: ఖురాను కంఠస్థం చేసి, దానిని పఠించి బ్రతకడం. తాహా తొమ్మిదేండ్లకే అంతా వల్లించినాడు. 1902లో అన్నగారి వెంట కైరో నగరానికి పోయి, అల్ అజహర్ విద్యాపీఠంలో చేరినాడు.

అజహర్ పదవ శతాబ్దంలో వెలసినది. అక్కడ గురువు మసీదు స్తంభానికి ఆనుకొని కూర్చుంటే శిష్యులు చుట్టూ చేరేవారు. మూలం ఒకటి, దానిపై వ్యాఖ్య ఒకటి, ఆ వ్యాఖ్యపై టిప్పణి మరొకటి. మన శాస్త్రపాఠాలు ఎరిగిన వారికి ఇది కొత్త కాదు. ఈ పద్ధతిని ఎగతాళి చేయడం నాకు ఇష్టం లేదు. చూపులేని పిల్లవాడు అంత అరబ్బీ పాండిత్యం సంపాదించినది ఆ స్తంభాల నడుమనే. కాని అక్కడ అర్థం అడగవచ్చును, ఆధారం అడగరాదు. ఈ కుర్రవాడు ఆధారం అడుగుతూ వచ్చినాడు. గురువులకు అది గిట్టలేదు. పట్టా పరీక్ష రాగా తనను తప్పించవలెనని పరీక్షకులు ముందే అనుకొని కూర్చున్నారని ఆయన తరువాత తన ఆత్మకథలో వ్రాసుకొన్నారు. పట్టా రాలేదు.

ఈలోగా 1908 డిసెంబరులో కైరోలో ఈజిప్టు విశ్వవిద్యాలయం తెరిచినారు. అది అప్పుడు ప్రభుత్వానిది కాదు. మన సంఘ భవనం వలె చందాలతో లేచినది. ఇటలీ నుండి నల్లినో, గ్విదీ, జర్మనీ నుండి లిట్‌మన్ మొదలగు పండితులు వచ్చి పాఠాలు చెప్పినారు. అరబ్బు సాహిత్య చరిత్రను ఒక ఇటలీవాడు అరబ్బీలోనే చెప్పడం ఆ విద్యార్థులకు వింత. అంతకంటె వింత ఆయన వేసే ప్రశ్నలు. ఈ పద్యం ఎప్పటిది? చెప్పినవాడెవడు, వ్రాసిపెట్టినవాడెవడు? ఆనాటి ఊరు, రాజు, ధరలు, తగవులు ఎట్టివి? పద్యానికి వ్యాకరణం చెప్పి ఊరుకొనే చదువు నుండి వచ్చిన తాహాకు తలుపు తెరిచినట్లయినది. పగలు అజహరు, సాయంకాలం విశ్వవిద్యాలయం.

డాక్టరేటుకు ఆయన ఎన్నుకొన్నది అబుల్ అలా అల్ మఅర్రీ అనే మహాకవిని. ఈ కవి 973లో సిరియాలో పుట్టినాడు. నాలుగేండ్లకే మశూచికంలో చూపు పోయింది. బాగ్దాదు చూచి వచ్చిన పిమ్మట ఇల్లు కదలక, తన అంధత్వానికీ తన ఇంటికీ తాను బందీనని చెప్పుకొని, 1057లో మరణించేవరకు ఆ ఊళ్ళోనే ఉండినాడు. మాంసం ముట్టలేదు, పాలు, గ్రుడ్లు, తేనె కూడ వాటిని ఇచ్చే జీవుల సొత్తని మానివేసినాడు. మతాచారాలను సంశయించి చాలమంది కోపానికి గురి అయినాడు. తొమ్మిది వందల ఏండ్ల దూరాన ఉన్న తనవంటివానిని తాహా పరిశీలింపబూనినాడు. జాలిపడి పొగుడుతూ వ్రాసి ఉంటే అది స్తోత్రమయ్యేది. ఆయన అట్లు చేయలేదు. కవి తన కాలానికి, తన సంఘానికి ఫలమని, ఆ కాలం లెక్క తేలనిదే కవి లెక్క తేలదని వాదించినారు. సిద్ధాంత గ్రంథం కాక, అరబ్బుల భూగోళ శాస్త్రం, ఖారిజీ వర్గం వారి మతధోరణి అనే రెండు విషయాలలోను పరీక్ష ఇచ్చినారు. 1914లో పట్టం వచ్చింది. ఈజిప్టు విశ్వవిద్యాలయం ఇచ్చిన మొట్టమొదటి డాక్టరేటు అదే.

గ్రంథం అచ్చుపడగానే గొడవ లేచింది. నాస్తికుని పట్టభద్రుని చేసిన విశ్వవిద్యాలయానికి ప్రభుత్వ సహాయం ఆపవలెనని శాసనసభలో ఒక సభ్యుడు ప్రతిపాదించబోయినాడు. సభ ఉపాధ్యక్షుడు సాద్ జగ్లూల్ అతనిని పిలిపించి, "ఈ గ్రంథకర్త అజహరులోను చదివినాడు, మరి దాని ధనసహాయం కూడ ఆపమంటావా?" అన్న భావంతో మాట్లాడగా, ఆ ప్రతిపాదన అంతటితో పోయింది. లౌక్యుడంటే జగ్లూలే.

అదే ఏట తాహా ఫ్రాన్సుకు పోయినారు. మోంపెలియేలో సుజాన్ అనే యువతి ఆయనకు పుస్తకాలు చదివి వినిపించసాగింది. 1917లో ఇరువురికీ పెండ్లి అయినది. అక్కడి పట్టాకు లాటిను తప్పనిసరి. అరబ్బీ, ఫ్రెంచి, ఆపైన లాటిను, అన్నీ చెవితోనే నేర్చినారు! 1918లో సోర్బోనులో ఇబ్న్ ఖల్దూను సామాజిక తత్త్వంపై రెండవ డాక్టరేటు. ఆ పనికి మార్గదర్శి అయిన దుర్కేము 1917లోనే మరణించినారు.

అసలు పరీక్ష తరువాత వచ్చింది. 1926లో, ఆచార్య పదవిలో ఉండగా, ఇస్లాముకు పూర్వపుదిగా చెప్పే కవిత్వంలో చాలభాగం తరువాతివారు కల్పించినదని ఆయన ఒక గ్రంథం వ్రాసినారు. మతగ్రంథ వ్యాఖ్యానాలకు ఆ పద్యాలే పదసాక్ష్యాలు. వాటిని కదిలిస్తే చాల గోడలు కదలుతవి. ఫిర్యాదులు పడినవి. ప్రభుత్వ న్యాయవాది ముహమ్మద్ నూర్ గ్రంథాన్ని చదివి, వాదాలను పరిశోధించి, కొన్నింటిని తప్పుపట్టి, నేరబుద్ధి లేదని 1927లో కేసు మూసివేసినారు. ఒక సాహిత్య వాదాన్ని న్యాయాధికారి అంత ఓపికగా చదవడం అరుదు. అయినను పుస్తకం వెనుకకు తీసుకొని, కొంత మార్చి, వేరు పేరుతో వేయవలసి వచ్చింది. 1932లో ప్రభుత్వం ఆయనను పదవి నుండి తీసివేసింది. 1950లో అదే మనిషి విద్యాశాఖ మంత్రి అయినారు! విద్య నీరువలె, గాలివలె అందరికీ అందవలెనన్నది ఆయన మాట. 1973లో మరణించినారు.

ఆయన పదవులకంటె ఆయన శిష్యులే నాకు ముఖ్యమని తోస్తుంది. సుహైర్ అల్ కలమావీ వైద్యం చదవగోరి, చోటు దొరకక, అరబ్బీ శాఖకు వచ్చింది. ఆయన పర్యవేక్షణలో "వేయిన్నొక్క రాత్రుల"పై పరిశోధించి 1941లో డాక్టరేటు పొందింది. పండితులు ఆ కథలను అంగడి కథలుగా చూచేవారు. మన కాశీమజిలీ కథలపై ఆ రోజులలో ఒక ఆడపిల్ల సిద్ధాంత గ్రంథం వ్రాసి ఉంటే ఏమనేవారో ఊహించుకొనవచ్చును. మరొకామె ఆయిషా అబ్దుర్రహ్మాన్. తండ్రి బడికి పంపనొల్లలేదు. ఇంటివారికి తెలియకుండ "తీరపుత్రిక" అని అర్థమిచ్చే మారుపేరుతో పత్రికలకు వ్రాసింది. 1950లో డాక్టరేటు తెచ్చుకొన్నది. ఆమె ఎన్నుకొన్నదీ అల్ మఅర్రీనే. ఒక పండితుడు స్వర్గానికి పోయి అక్కడి కవులను పలుకరించే ఆయన "క్షమాలేఖ". ఆమెను పరీక్షించినవారిలో తాహా హుసేన్ ఒకరు. 1914లో ఒక చూపులేని విద్యార్థి వ్రాతప్రతులు ఇతరులచేత చదివించుకొని తెరిచిన కవిని, ఆమె పలుప్రతులు ముందర పెట్టుకొని, పాఠభేదాలు గుర్తించి, శుద్ధప్రతిగా అచ్చువేయించింది. మన తాళపత్రాలతో తంటాలుపడిన పండితులకు ఆ శ్రమ ఎట్టిదో తెలియును.

అట్టి శ్రమ మన పక్కనే జరిగిందన్నది మనలో చాలమంది ఎరుగరు. 1888లో హైదరాబాదులో దాయిరతుల్ మఆరిఫ్ అనే సంస్థ పుట్టినది. పిమ్మట ఉస్మానియా విశ్వవిద్యాలయంతో చేరినది. వ్రాతలో పడి ఉన్న అరబ్బీ గ్రంథాలను పరిష్కరించి అచ్చువేయడం దాని పని. ఇబ్న్ దురైద్ మహానిఘంటువు 1920ల దశకంలో అక్కడ అచ్చయినది. మన దేశానికి వచ్చి సంస్కృతం నేర్చిన అల్ బిరూనీ భారతదేశ గ్రంథం అరబ్బీ మూలం 1958లో అక్కడ వెలువడినది. నాందేడు, రాయచూరు ప్రాంతాల మనవారు 1956 వరకు ఆ హైదరాబాదు రాష్ట్రంలోని వారే. కైరోలో గాని, పారిసులో గాని అరబ్బీ డాక్టరేటుకు కూర్చున్నవాని బల్లపై "హైదరాబాదు, దక్కను" అని అచ్చుపడిన సంపుటాలు ఉండడం విశేషమేమీ కాదు.

మొన్న ఆ కుర్రవాడు మళ్ళీ కనిపించినాడు. ఆచార్యులు చెప్పిన నిఘంటువు కోసం నాలుగు ఊళ్ళ గ్రంథాలయాలకు ఉత్తరాలు వ్రాసినాడట. చివరకు దొరికిన సంపుటం తెచ్చి నా ముందు తెరిచి, మొదటి పుటలో అరబ్బీ లిపిలో ఉన్న ఊరి పేరుపై వేలు పెట్టి, "తాతగారూ, ఇది చదవండి" అన్నాడు. నాకు చదవరాదు. వాడే చదివి వినిపించినాడు.