ముహమ్మద్ నజాతుల్లా సిద్దీఖీ: వడ్డీ లేని బ్యాంకు భావన, ఆచరణ

లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తర్వాత మీరు:
- ఇస్లామిక్ ఆర్థిక చింతన రూపొందిన చారిత్రక నేపథ్యాన్ని వివరించగలుగుతారు.
- సిద్దీఖీ వృత్తి జీవితాన్ని, ప్రధాన రచనలను గుర్తించగలుగుతారు.
- వడ్డీ పద్ధతికి, లాభ భాగస్వామ్య పద్ధతికి గల తేడాను ఉదాహరణతో చెప్పగలుగుతారు.
- ఆయన భావాలు ఆచరణలో ఎదుర్కొన్న చిక్కులను అంచనా వేయగలుగుతారు.

1. ఉపోద్ఘాతం

ఒక పొలాన్ని సాగుకు రెండు విధాలుగా తీసుకోవచ్చునని మీలో చాలామందికి తెలుసు. కౌలుకు తీసుకుంటే పంట పండినా, ఎండినా ఒప్పుకున్న మొత్తం చెల్లించాలి. పాలుకు తీసుకుంటే పండినదాంట్లో ఇద్దరికీ వాటా ఉంటుంది. పంట పోతే యజమానికీ గింజ దక్కదు. డబ్బు విషయంలోనూ ఇదే తేడా ఉంది. వడ్డీ కౌలు వంటిది. లాభంలో వాటా పాలు వంటిది. బ్యాంకులను మొదటి పద్ధతి నుంచి రెండో పద్ధతికి మార్చడం సాధ్యమా? ఈ ప్రశ్ననే తన జీవితకాల పరిశోధనకు కేంద్రంగా చేసుకున్న భారతీయ ఆర్థికవేత్త ముహమ్మద్ నజాతుల్లా సిద్దీఖీ (1931–2022).

ఇది మతానికి మాత్రమే సంబంధించిన విషయమని అనుకోకండి. నష్టం వచ్చినప్పుడు దాన్ని ఎవరు భరించాలి అన్నది ప్రతి సమాజమూ ఎదుర్కొన్న ప్రశ్న. సిద్దీఖీ దానికి ఏ జవాబు ఇచ్చారు, ఆ జవాబు ఆచరణలో ఏమైంది అన్నదే ఈ పాఠంలో మనం పరిశీలించే అంశం.

2. చారిత్రక నేపథ్యం

ఖురాన్ 'రిబా'ను నిషేధించింది. అప్పుపై అసలుకు మించి వసూలు చేసేది రిబా అని సంప్రదాయ పండితులు వివరించారు. ఆధునిక బ్యాంకులు వలసపాలన కాలంలో విస్తరించడంతో, బ్యాంకు వడ్డీ కూడా రిబాయేనా అనే చర్చ మొదలైంది. 1930, 40 దశకాల్లో ఈ చర్చ భారత ఉపఖండంలో చురుకుగా సాగింది. ఇందులో హైదరాబాద్‌కు కూడా స్థానం ఉంది. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రం బోధించిన అన్వర్ ఇక్బాల్ ఖురేషీ వడ్డీ సిద్ధాంతంపై ఒక గ్రంథం రాశారు. అదే విశ్వవిద్యాలయానికి చెందిన ముహమ్మద్ హమీదుల్లా వడ్డీ లేని రుణ సంఘాల గురించి ఉర్దూలో రాశారు.

అయితే ఈ తొలి రచనల్లో ఎక్కువ భాగం వడ్డీ ఎందుకు కూడదో చెప్పడానికే పరిమితమయ్యాయి. వడ్డీ తీసేస్తే బ్యాంకు ఎలా నడుస్తుంది అనే ప్రశ్నకు వివరమైన సమాధానం రావలసి ఉంది. సిద్దీఖీ తన కృషికి ఎంచుకున్నది ఈ ఖాళీనే.

3. జీవితం, వృత్తి

సిద్దీఖీ 1931లో గోరఖ్‌పూర్‌లో జన్మించారు. యువకుడిగా మౌదూదీ రచనల ప్రభావానికి లోనయ్యారు. ఆయన చదువులో రెండు ధారలు కనిపిస్తాయి. రాంపూర్, సరాయ్‌మీర్‌లలో అరబీ, ఇస్లామిక్ విద్యలు అభ్యసించారు. అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రం చదివి డాక్టరేట్ పొందారు. అక్కడే అర్థశాస్త్రం బోధించారు, తర్వాత ఇస్లామిక్ అధ్యయనాల ఆచార్యులయ్యారు. 1970ల చివరలో సౌదీ అరేబియా వెళ్లి, జిద్దాలోని కింగ్ అబ్దుల్ అజీజ్ విశ్వవిద్యాలయంలో ఇస్లామిక్ ఆర్థిక పరిశోధన కేంద్రంలో చాలాకాలం పనిచేశారు. 1982లో ఇస్లామిక్ అధ్యయనాలకు ఇచ్చే కింగ్ ఫైసల్ బహుమతి ఆయనకు లభించింది. 2022 నవంబరులో అమెరికాలో మరణించారు.

4. ప్రధాన రచనలు

ఆయన ఉర్దూ, ఆంగ్ల భాషల్లో రాశారు. ఆ రచనలను మూడు తరగతులుగా చూస్తే గుర్తుంచుకోవడం తేలిక.

మొదటిది, మూలగ్రంథాల అధ్యయనం. ఎనిమిదో శతాబ్దంలో ఖలీఫా హారూన్ అల్ రషీద్ కోసం న్యాయవేత్త అబూ యూసుఫ్ రాసిన 'కితాబ్ అల్ ఖరాజ్'ను సిద్దీఖీ ఉర్దూలోకి అనువదించారు. భూమిపై స్థిరమైన పన్ను వేయడం కంటే పంటలో ఒక నిష్పత్తిని పన్నుగా తీసుకోవడం మేలని అబూ యూసుఫ్ ఖలీఫాకు సలహా ఇచ్చాడు. స్థిర మొత్తమా, వాటానా అనే ప్రశ్న అప్పటికే ఉందని గమనించండి.

రెండోది, సిద్ధాంత రచన. ఆధునిక లాభ సిద్ధాంతాలపై ఆయన విమర్శనాత్మక గ్రంథం 1971లో వెలువడింది. వడ్డీ లేని బ్యాంకింగ్‌పై ఉర్దూ గ్రంథం 1969లోనూ, దాని ఆంగ్లరూపం 'బ్యాంకింగ్ వితౌట్ ఇంటరెస్ట్' 1973లోనూ వచ్చాయి. ఆయనకు పేరు తెచ్చిన పుస్తకం ఇదే. బీమా, భాగస్వామ్య చట్టం, రాజ్యం పాత్ర వంటి అంశాలపై గ్రంథాలు తర్వాత వచ్చాయి.

మూడోది, సమీక్షా రచన. 1976లో మక్కాలో జరిగిన మొదటి అంతర్జాతీయ ఇస్లామిక్ ఆర్థిక సదస్సు కోసం అరబీ, ఆంగ్ల, ఉర్దూ భాషల్లోని రచనలన్నింటినీ ఆయన సమీక్షించారు. 'ముస్లిం ఎకనామిక్ థింకింగ్' పేరుతో 1981లో అది పుస్తకమైంది. మూడు భాషల్లో చెల్లాచెదురుగా ఉన్న చర్చను ఒకచోట చేర్చి, ఒక అధ్యయన శాఖగా చూపిన గ్రంథమిది.

5. ఆయన ప్రతిపాదించిన బ్యాంకు

ఈ నమూనాకు ఆధారం 'ముదారబా' అనే పాత వర్తక ఒప్పందం. ఒకరు పెట్టుబడి పెడతారు, మరొకరు శ్రమ, నేర్పు పెడతారు. లాభాన్ని ముందే అనుకున్న నిష్పత్తిలో పంచుకుంటారు. నష్టం వస్తే డబ్బు పెట్టినవాడి డబ్బు పోతుంది, పనిచేసినవాడి శ్రమ పోతుంది. సిద్దీఖీ ఈ ఒప్పందాన్ని రెండు అంచెలుగా అమర్చారు. డిపాజిటుదారులకూ బ్యాంకుకూ మధ్య ఒకటి. బ్యాంకుకూ వ్యాపారికీ మధ్య మరొకటి.

ఒక ఉదాహరణ చూద్దాం. చేనేత వస్త్రాల వ్యాపారి ఒకరు బ్యాంకు నుంచి 1,00,000 రూపాయలు తీసుకున్నారనుకోండి. వడ్డీ 12 శాతమైతే ఏడాది చివర 1,12,000 చెల్లించాలి. వ్యాపారంలో 10,000 నష్టం వచ్చి చేతిలో 90,000 మాత్రమే మిగిలితే, మిగతా 22,000 ఇంట్లోంచి తేవాలి. లాభ భాగస్వామ్యంలో వ్యాపారికి 60, బ్యాంకుకు 40 వంతులని ఒప్పుకుంటే, 30,000 లాభం వచ్చినప్పుడు బ్యాంకుకు 12,000 వస్తుంది. దాన్ని బ్యాంకు తన డిపాజిటుదారులతో పంచుకుంటుంది. అదే 10,000 నష్టం వస్తే మిగిలిన 90,000 తిరిగి ఇస్తే చాలు. వ్యాపారి ఏడాది కష్టం మాత్రం పోతుంది.

దీనివల్ల బ్యాంకు దృష్టి మారుతుందని సిద్దీఖీ వాదం. వడ్డీ బ్యాంకు అప్పు తీసుకునేవాడికి తాకట్టు పెట్టేందుకు ఏముందో చూస్తుంది. భాగస్వామి అయిన బ్యాంకు అతని వ్యాపారంలో పస ఉందో లేదో చూస్తుంది.

*మీ ప్రగతిని సరిచూసుకోండి:* పై ఉదాహరణలో వ్యాపారికి 50,000 లాభం వస్తే రెండు పద్ధతుల్లోనూ బ్యాంకుకు ఎంత వస్తుంది? ఏ పద్ధతి వ్యాపారికి లాభదాయకం? ఎందుకు?

6. ఆచరణలో ఏం జరిగింది?

ఈజిప్టులోని మిత్ ఘమ్ర్ పట్టణంలో 1963లోనే వడ్డీ లేని పొదుపు బ్యాంకు ప్రయోగం జరిగింది. 1975లో ఇస్లామిక్ అభివృద్ధి బ్యాంకు, దుబాయ్ ఇస్లామిక్ బ్యాంకు ఏర్పడ్డాయి. బ్యాంకుల సంఖ్య పెరిగింది కానీ లాభ భాగస్వామ్యం మాత్రం పెరగలేదు. కారణం పాలు సాగు ఎరిగినవారు ఊహించగలరు. కళ్లంలో రాశి ఎంతో సాగుదారుకు తెలిసినంతగా యజమానికి తెలియదు. వ్యాపారి తన లాభాన్ని తక్కువ చేసి చూపితే బ్యాంకు కనిపెట్టడం కష్టం. డిపాజిటుదారులు కూడా నష్టాన్ని భరించడానికి సుముఖంగా ఉండరు.

అందువల్ల బ్యాంకులు 'మురాబహా' వైపు మొగ్గాయి. ఇందులో బ్యాంకు వస్తువును కొని, తన లాభం కలిపి వాయిదాలపై ఖాతాదారుకు అమ్ముతుంది. కట్టవలసిన మొత్తం ముందే స్థిరపడుతుంది. తర్వాత 'తవర్రుఖ్' ప్రచారంలోకి వచ్చింది. ఖాతాదారు ఒక వస్తువును అప్పుపై కొని, వెంటనే తక్కువ ధరకు నగదుకు అమ్మేస్తాడు. వస్తువుతో అతనికి పనిలేదు; చేతికి నగదు, నెత్తిన అంతకు మించిన బాకీ మిగులుతాయి.

ఇక్కడే సిద్దీఖీ ప్రత్యేకత తెలుస్తుంది. తాను పెంచిన ఉద్యమమే కదా అని ఆయన ఊరుకోలేదు. తవర్రుఖ్ వల్ల కలిగే మేలు కంటే ఆర్థిక వ్యవస్థకు కలిగే కీడే ఎక్కువని, అది అప్పుల మీద అప్పులను పెంచుతుందని 2000 దశకంలో స్పష్టంగా రాశారు. ఒప్పందం బయటి రూపం ధర్మబద్ధంగా ఉంటే సరిపోదు, దాని ఫలితం కూడా ధర్మ లక్ష్యాలకు అనుగుణంగా ఉండాలన్నది ఆయన కొలబద్ద. 2009లో అంతర్జాతీయ ఇస్లామిక్ ఫిఖ్ అకాడమీ కూడా బ్యాంకులు వ్యవస్థీకృతంగా నడిపే తవర్రుఖ్ చెల్లదని తీర్మానించింది.

మన దేశం విషయానికి వస్తే, 2008లో రఘురామ్ రాజన్ కమిటీ వడ్డీ లేని బ్యాంకింగ్‌ను అనుమతించాలని సిఫారసు చేసింది. కానీ ఈ ప్రతిపాదనను ముందుకు తీసుకుపోరాదని రిజర్వు బ్యాంకు నిర్ణయించినట్లు 2017లో వెల్లడైంది.

7. విమర్శలు

సిద్దీఖీ వాదాన్ని అందరూ అంగీకరించలేదు. ఖురాన్ నిషేధించిన రిబా, ఆధునిక బ్యాంకు వడ్డీ ఒకటి కావని ఫజ్లుర్ రహమాన్ 1964లోనే వాదించారు. ఇస్లామిక్ అర్థశాస్త్రం పాత సంప్రదాయం కాదని, ఇరవయ్యో శతాబ్దంలో ముస్లిం అస్తిత్వ భావన నుంచి పుట్టిందని, ఆ బ్యాంకులు వడ్డీకే వేరే పేరు పెట్టాయని తిమూర్ కురాన్ విమర్శించారు. రెండో విమర్శలోని చివరి మాటకూ, తవర్రుఖ్‌పై సిద్దీఖీ అభ్యంతరానికీ ఎంత దగ్గరి పోలిక ఉందో చూడండి. అయితే కురాన్ దాన్ని బట్టి ఆ ఆశయమే నిలవదన్నారు. సిద్దీఖీ ఆశయానికి తిరిగి రమ్మన్నారు. పరీక్షలో సమాధానం రాసేటప్పుడు ఈ తేడాను తప్పక ప్రస్తావించండి.

8. సారాంశం

సిద్దీఖీ వడ్డీ నిషేధమనే మతసూత్రాన్ని, నష్టభారం ఎవరిది అనే ఆర్థిక ప్రశ్నగా మార్చి చర్చించారు. దానికి రెండంచెల భాగస్వామ్య బ్యాంకును సమాధానంగా చూపారు. ఆ పేరుతో బ్యాంకులు వచ్చినా, వాటిలో అధిక భాగం నష్టభారాన్ని మళ్లీ అప్పు తీసుకున్నవాడిపైనే ఉంచాయి. దాన్ని ఆయనే ఎత్తిచూపారు. ఒక భావన చరిత్రను చదివేటప్పుడు దాని పేరుతో ఎన్ని సంస్థలు వెలిశాయో లెక్కించడం సులభం. ఆ సంస్థల్లో మొదటి ప్రశ్న ఇంకా బతికి ఉందా అని అడగడం కష్టం. చరిత్ర విద్యార్థులుగా మీరు అడగవలసింది ఈ రెండో ప్రశ్ననే.

నమూనా పరీక్ష ప్రశ్నలు

1. సిద్దీఖీ ప్రతిపాదించిన రెండంచెల ముదారబా పద్ధతిని ఉదాహరణతో వివరించండి.
2. ఇస్లామిక్ బ్యాంకులు లాభ భాగస్వామ్యం నుంచి మురాబహా వైపు మొగ్గడానికి కారణాలేమిటి?
3. తవర్రుఖ్‌పై సిద్దీఖీ అభ్యంతరాన్ని, తిమూర్ కురాన్ విమర్శను పోల్చి మీ అభిప్రాయం రాయండి.