బోర్డులు మారిన అమీర్‌పేట

మా పిన్ని వాళ్ళ కాలంలో ఆడపిల్లకి ఉద్యోగానికి పనికొచ్చే కోర్సు అంటే టైపే. ఇంటర్ పరీక్షలు అయిపోయాక, సంబంధాలు కుదిరేలోపు పిల్ల ఖాళీగా ఉండటం ఎందుకని టైపు ఇన్‌స్టిట్యూట్‌లో చేర్పించేవారు. లోయర్ అంటే నిమిషానికి 30 మాటలు, హయ్యర్ అంటే 45. మెషిన్ రెమింగ్టన్ అయినా గోద్రెజ్ అయినా అక్షరాల వరస ఒకటే. ఒకసారి వేళ్ళకి పట్టుబడిందంటే జన్మంతా పనికొచ్చేది. మా పిన్ని పెళ్ళయి, ఇద్దరు పిల్లలు పుట్టి, తొమ్మిదేళ్ళ తర్వాత ఉద్యోగానికి వెళ్తే ఆఫీసులో అదే మెషిన్ ఆవిడ కోసం కూర్చున్నట్టు ఉందట!

ఆ సుఖం కంప్యూటర్లతో పోయింది. 1981లో ఎన్‌ఐఐటి, 1986లో ఆప్టెక్ మొదలయ్యాయి. తొంభైల్లోకి వచ్చేసరికి మన ఊళ్ళలో టైపు ఇన్‌స్టిట్యూట్ల బోర్డుల మీద కూడా 'కంప్యూటర్' అని కొత్తగా రాయించారు. చెప్పులు బయట విడిచి, గుళ్ళోకి వెళ్ళినట్టు ఏసీ గదిలోకి వెళ్ళడం మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. డాస్, వర్డ్‌స్టార్, లోటస్, డిబేస్ నేర్పేవారు. ఇప్పుడు ఆ పేర్లు చెబితే మా అబ్బాయి అవేవో బిస్కెట్ల పేర్లనుకుంటాడు.

అసలు తిరునాళ్ళ మొదలైంది వై2కెతో. పాత ప్రోగ్రాముల్లో సంవత్సరాన్ని రెండంకెలతోనే రాసేవారు, 1972ని 72 అని. మరి 2000 వస్తే? అది 00 అవుతుంది, మెషిన్ దాన్ని 1900 అనుకుంటే బ్యాంకుల వడ్డీ లెక్కలూ ఇన్సూరెన్సు పాలసీలూ తలకిందులే. ఆ ప్రోగ్రాముల్లో చాలాభాగం కోబాల్‌లో రాసినవి. అది 1959లో తయారీ మొదలైన భాష. అమెరికాలో దాన్ని మర్చిపోయిన వేళ మన అమీర్‌పేటలో డిగ్రీ పిల్లలు మెయిన్‌ఫ్రేమ్ కోర్సు పేరుతో నేర్చుకున్నారు. సరిగ్గా అప్పుడే అమెరికా హెచ్-1బి వీసాల పరిమితిని ఏడాదికి 65,000 నుంచి 1,15,000కి, 2001లో 1,95,000కి పెంచింది. 1998 నవంబరులో హైదరాబాద్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. ఇక మైత్రీవనం, ఆదిత్య ఎన్‌క్లేవ్ చుట్టూ ఖాళీ గోడ అన్నది లేకుండా పోయింది. డెమో క్లాసులు, జిరాక్సు మెటీరియళ్ళు, సందుకో లేడీస్ హాస్టల్, దాని కింద ఇడ్లీ బండి!

తర్వాత జరిగింది మనకి ముఖ్యం. 2000 సంవత్సరం వచ్చింది, ఏమీ తలకిందులు కాలేదు, కోబాల్ బోర్డులు దిగిపోయాయి. వెనకే డాట్‌కామ్ కంపెనీలు కూలాయి. 2004 నాటికి వీసాలు మళ్ళీ 65,000కే వచ్చాయి. విజువల్ బేసిక్ నేర్చుకున్నవాళ్ళు 2002లో డాట్‌నెట్ వచ్చాక మళ్ళీ మొదటి బెంచీలో కూర్చున్నారు. టెస్టింగ్ అయితే మరీను. మొదట విన్‌రన్నర్, తర్వాత క్యూటీపీ, ఆ తర్వాత సెలీనియం. ఇంగ్లీషు బాగా వచ్చిన ఎందరో ఆడవాళ్ళు అమెరికా డాక్టర్లు రికార్డు చేసిన మాటలు విని టైపు చేసే మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్‌కి వెళ్ళారు. రాత్రి షిఫ్టులు, చెవులకి హెడ్‌ఫోన్లు. మాట వినగానే రాసేసే సాఫ్ట్‌వేర్ వచ్చి ఆ పనిని తినేసింది.

కోర్సు పాతబడితే హాస్టల్లో ఉన్న కుర్రాడు రూము ఖాళీ చేయకుండానే పక్క సందులో ఇంకో కోర్సుకి వెళ్ళిపోతాడు. ఇంట్లో ఉన్న మనకి ఆ వెసులుబాటు ఏది? పిల్లల బస్సు, అత్తగారి మందులు, మావారి టిఫిన్ బాక్సు, వీటి మధ్య నుంచి ఆరు నెలలు లాగగలిగేది ఒక్కసారే. ఇంట్లో వాళ్ళు "సరే, నేర్చుకో" అనేది కూడా ఒక్కసారే. అది తప్పితే "అప్పుడే చెప్పాంగా" అనే మాట జీవితాంతం ఉంటుంది.

అందుకే ఈ బోర్డుల చరిత్రలో నేను వెతికింది, దిగిపోకుండా మిగిలినవి ఏమిటని. ఒకటి కచ్చితంగా కనబడింది, ఎస్‌క్యూఎల్. దస్త్రాల్లాంటి పట్టికల్లో దాచిన సమాచారాన్ని అడిగి తెప్పించుకునే భాష అది. 1970లో ఎడ్గార్ కాడ్ రాసిన ఒక పరిశోధనా వ్యాసం దానికి పునాది. 1974లో ఐబీఎంలో ఇద్దరు దాన్ని భాషగా మలిచారు. ఒరాకిల్ రోజుల్లో అదే నేర్పారు, టెస్టింగ్ వాళ్ళకీ అదే, ఇప్పుడు డేటా సైన్స్ అన్నా మొదటి నెలలో అదే. మన వంటింట్లో పోపుల డబ్బా లాంటిదన్నమాట, కూర మారినా అది మారదు.

రెండోది కోర్సు కాదు, మనకి ముందే తెలిసిన పని. దీనికి ఇంగ్లండులో ఒక మంచి ఉదాహరణ ఉంది. 1962లో స్టెఫానీ షర్లీ అనే ఆవిడ ఫ్రీలాన్స్ ప్రోగ్రామర్స్ అనే కంపెనీ పెట్టి, పెళ్ళి వల్లో పిల్లల వల్లో ఉద్యోగం మానేసిన ఆడవాళ్ళకి ఇంటి దగ్గరే పని ఇచ్చింది. ఆడపేరుతో ఉత్తరాలు రాస్తే జవాబులు రావడం లేదని 'స్టీవ్' అని సంతకం పెట్టేదట. చంటిబిడ్డ ఏడుపు ఫోనులో వినపడకుండా టైపు చప్పుడు టేపు పెట్టేదట! కాంకార్డ్ విమానం బ్లాక్‌బాక్స్ ప్రోగ్రాములు రాసింది కూడా ఈ ఇంటి గుంపే. ఆవిడ వెతికి పట్టుకున్నది పని ముందే వచ్చి, మధ్యలో ఆగిపోయిన వాళ్ళని. మన దగ్గర కోర్సు అమ్మేవాళ్ళు మాత్రం మన పాత చదువుని చెత్తబుట్టలో వేసి మొదలుపెట్టమంటారు.

మా తోడికోడలికి ఈ ఏడాది అదే జరిగింది. బీకాం చదివింది, పెళ్ళికి ముందు మూడేళ్ళు ఒక ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో లెక్కలు రాసింది. తర్వాత పదకొండేళ్ళ ఖాళీ. ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు "డేటా సైన్స్ తీసుకోండి మేడం, లక్షన్నరే, ఈఎమ్ఐ ఉంది, ప్లేస్‌మెంట్ మాది" అన్నారు. "అక్కా, గాజులు పెట్టేద్దామనుకుంటున్నా" అని నాకు ఫోను చేసింది. బ్యాంకులో పెట్టే గాజులని చెప్పక్కర్లేదుగా.

ఇద్దరం కలిసి నాలుగు చోట్ల డెమోలకి కూర్చున్నాం. ప్రతిచోటా తను ఒకటే అడిగింది, "బీకాం చదివి, పదకొండేళ్ళు ఇంట్లో ఉండి, మీ దగ్గర నేర్చుకుని ఉద్యోగం తెచ్చుకున్న ఆవిడతో ఒకసారి మాట్లాడించండి" అని. మూడు చోట్ల గోడ మీద ఫొటోలు చూపించారు. అన్నీ ఇరవై రెండేళ్ళ పిల్లల ముఖాలే. ఒక చోట అయితే రెజ్యూమెలో ఆ పదకొండేళ్ళూ ఏదో కంపెనీలో పనిచేసినట్టు రాసిపెడతామన్నారు. ఇది అమీర్‌పేట చరిత్రలో పాత జబ్బే. కంపెనీలు బ్యాక్‌గ్రౌండ్ చెక్ చేస్తాయి, దొరికితే ఉద్యోగమూ పరువూ రెండూ పోతాయి. మేం మెట్లు దిగేశాం.

నాలుగో చోట శాప్ ఫైకో డెమో. తెర మీద డెబిట్, క్రెడిట్, జర్నల్ ఎంట్రీ కనపడేసరికి మా తోడికోడలు ముఖం వెలిగింది. "ఇది నాకొచ్చు అక్కా!" అంది. కానీ అక్కడి సార్ నిజాయితీగా చెప్పారు, అనుభవం లేనివాళ్ళకి అందులో నేరుగా చోటు దొరకడం కష్టమని, ముందు అకౌంట్స్ ఉద్యోగంలో చేరి ఆ తర్వాత ఇటు రమ్మని. ఆ మాట విలువ ఆ లక్షన్నర కంటే ఎక్కువని నాకు అనిపించింది.

చివరికి తను తీసుకున్నవి ఎక్సెల్, ఎస్‌క్యూఎల్, పవర్ బీఐ. అకౌంట్స్ విభాగాల్లో నెలాఖరు నివేదికలకి ఈ మూడూ వాడతారు. స్వయం పోర్టల్లో ఉచితంగా దొరికే పాఠాలు ముందు నెల రోజులు విని, తనకి పడుతుందని తేలాకే ఫీజు కట్టింది. గాజులు చేతికే ఉన్నాయి. మా బాబాయి ఉన్నట్టుండి ఏఐ వచ్చేసింది, ఇవన్నీ ఎందుకంటున్నారు. లెక్క తప్పితే పట్టుకునే మనిషి ఆఫీసులో ఉండాలి కదా బాబాయ్ అన్నాను, ఆయన ఒప్పుకోలేదు.

ఉద్యోగం ఇంకా రాలేదు. రెండు ఇంటర్వ్యూలు అయ్యాయి, ఒక దాంట్లో గ్యాప్ గురించే అరగంట అడిగారట, ఉన్నదున్నట్టు చెప్పిందట. మూడోది వచ్చే గురువారం, ఉప్పల్‌లో ఒక గిడ్డంగి కంపెనీ. లారీల కిరాయి లెక్కలు ఎలా రాస్తారో తెలుసా అని ఫోనులోనే అడిగారని నవ్వుతూ చెప్పింది.