పారిపోయేవాడి మీద తుపాకీ: ఒక ఉపసెక్షన్ పుట్టుపూర్వోత్తరాలు

పారిపోతున్న నిందితుణ్ణి పోలీసులు ఎంత దూరం తరమవచ్చన్న విషయంలో మన చట్టం ఉదారంగానే ఉంది. వారంటు అక్కర్లేని అరెస్టయితే దేశంలో ఎక్కడికైనా వెంటపడవచ్చు. హద్దు ఉన్నది ప్రాణం దగ్గరే. 2024 జులై 1 నుంచి అమలవుతున్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 43వ సెక్షన్, నాలుగో ఉపసెక్షన్ ప్రకారం, మరణశిక్ష లేదా యావజ్జీవం పడదగ్గ నేరం ఆరోపణ లేని మనిషిని అరెస్టు పేరుతో చంపే హక్కు లేదు. ఈ మాట కొత్తది కాదు. దీనికి ముందున్న 1973 క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 46వ సెక్షన్‌లో ఇదే ఉండేది. 1898 కోడ్‌లోనూ ఇదే, కాకపోతే యావజ్జీవం బదులు ద్వీపాంతరవాసం.

దీని వేరు ఇంగ్లండు కామన్ లాలో ఉంది. ఫెలనీ అనే ఘోరనేరం చేసి పారిపోయేవాణ్ణి, పట్టుకునే దారి వేరే లేకపోతే, చంపినా తప్పు లేదన్నది అక్కడి పాత సూత్రం. అలాంటి నేరాలన్నిటికీ దాదాపు ఉరే శిక్ష కాబట్టి, ఎలాగూ పోయే ప్రాణమే కదా అన్నది వాళ్ల లెక్క. తర్వాత ఉరిశిక్షలు తగ్గాయి, ఫెలనీల జాబితా మాత్రం పెరిగింది. 1974లో అమెరికాలోని మెంఫిస్‌లో ఒక పోలీసు, కంచె ఎక్కుతున్న 15 ఏళ్ల కుర్రాణ్ణి తల వెనక కాల్చాడు. దొరికిన సొత్తు ఒక పర్సు, 10 డాలర్లు. కుర్రాడి దగ్గర ఆయుధం లేదనే అనుకున్నానని ఆ పోలీసే చెప్పాడు. అయినా టెన్నెసీ రాష్ట్ర చట్టం ప్రకారం అది తప్పు కాదు. 1985లో అమెరికా సుప్రీంకోర్టు 6–3 తేడాతో ఆ పాత లెక్కను కొట్టేసింది. పారిపోయేవాడివల్ల ఇతరుల ప్రాణానికి ముప్పుందని నమ్మే ఆధారం ఉంటేనే కాల్చాలంది.

మన ఉపసెక్షన్ ఇంకా శిక్షనే కొలబద్దగా పట్టుకుంది. విలువైన పత్రం ఫోర్జరీ చేసినవాడికి, సర్కారు సొమ్ము తిన్న గుమాస్తాకి యావజ్జీవం దాకా పడవచ్చు, కనుక ఆ రక్షణ వాళ్లకు లేదు. చంపాలని కాల్చి, ఎవరికీ గాయం కాకుండా గురి తప్పినవాడికి గరిష్ఠం పదేళ్లే, కనుక వాడికి ఉంది! అదీ నేరం రుజువు కాకముందే, కేవలం ఆరోపణ మీద.

బలప్రయోగం అవసరమైనంతే ఉండాలని ఆ సెక్షనే అంటోంది కదా, కోర్టు అడ్డుకోదా అనవచ్చు. అడ్డుకోవచ్చు. కానీ అవసరం అన్న పరీక్ష, వేరేలా పట్టుకోగలరా అని అడుగుతుంది. పట్టుకోవడం ప్రాణమంత విలువైనదా అని అడగదు. క్షణంలో నిర్ణయించాల్సిన పోలీసుకు స్పష్టమైన గీత కావాలన్న వాదన ఇంకా గట్టిది. అయితే పరుగు మీదున్న కానిస్టేబుల్‌కు ఎదుటివాడి చేతిలో కత్తి కనిపిస్తుంది గానీ, వాడి నేరానికి గరిష్ఠ శిక్ష ఎంతో కనిపించదు. ఎదురుదాడి చేసినవాడి సంగతి వేరు, దానికి ఆత్మరక్షణ హక్కు విడిగా ఉంది.

2019 డిసెంబరు 6న తెలంగాణలోని చటాన్‌పల్లిలో పోలీసు కాల్పుల్లో చనిపోయిన నలుగురి మీద ఉన్నది అత్యాచారం, హత్య అనే మరణశిక్ష పడదగ్గ ఆరోపణే, అంటే ఈ ఉపసెక్షన్ గీసిన గీతకు వాళ్లు అవతలివాళ్లు. ఆయుధాలు లాక్కుని పారిపోబోయారన్న పోలీసుల కథనాన్ని, సుప్రీంకోర్టు విచారణకు నియమించిన సిర్పూర్కర్ కమిషన్ నమ్మలేదు. ఎన్‌కౌంటర్ మరణాలపై ఎఫ్ఐఆర్, స్వతంత్ర దర్యాప్తు, మేజిస్ట్రేట్ విచారణ ఉండాలని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది కానీ, అవన్నీ ప్రాణం పోయాక మొదలయ్యేవి. 2023లో పార్లమెంటు ఈ సెక్షన్‌ను తిరగరాసినప్పుడు బేడీల గురించి కొత్త ఉపసెక్షన్ చేర్చింది. దాంతో మూడో అంకెలో ఉన్న పాత ఉపసెక్షన్ నాలుగో అంకెకు జరిగింది. లోపలి కొలబద్ద మాత్రం మారలేదు.