మైకు సెట్టు నుంచి నాలుగు ఛానళ్ల దాకా

మన వడ్డేపల్లి కృష్ణా, తుంగభద్రల నడుమ ఉన్న నడిగడ్డ నేల. ఇక్కడ పెళ్లయినా, పీర్ల పండుగయినా, ఏరువాక పున్నమయినా ముందుగా కబురు తెచ్చేది శబ్దమే. మన పూర్వ విద్యార్థుల సంఘానికి 50 ఏళ్లు నిండుతున్న ఈ వేళ, ఈ కాలంలో మన ఊళ్ల శబ్దం ఎలా మారిందో చెప్పుకోవడం కూడా మన చరిత్రే.

మొదట మేళం సంగతి. సన్నాయి మేళంలో నాలుగు శబ్దాలుంటాయి. ఒక సన్నాయి రాగం పాడుతుంది. ఇంకొకటి శ్రుతి పట్టుకుని కదలకుండా ఉంటుంది. డోలు నడక నడిపిస్తుంది, తాళం లెక్క చెబుతుంది. నాలుగూ ఒకేసారి మోగినా చెవికి ఇబ్బంది లేదు. ఎందుకంటే ఎవరి చోటు వారికి తెలుసు. డప్పుల జట్టు సంగతీ అంతే. చిర్ర, సిటికెన పుల్ల ప్రతివారి చేతిలోనూ ఉంటాయి కానీ, దరువు మార్చేది ముందున్న ఒక్కరే. మిగిలినవాళ్లు ఆయన చేతిని చూసి వాయిస్తారు.

తర్వాత మైకు సెట్టు వచ్చింది. చెట్టుకో మిద్దెకో కట్టిన హారన్, కింద యాంప్లిఫయరు, పక్కన గ్రామఫోను. 78 చుట్ల రికార్డు ఒక వైపు సుమారు మూడు నిమిషాలు పాడేది. తిప్పి వేసేలోపు ఊరంతా నిశ్శబ్దం. యాంప్లిఫయరుకు పాట కోసం ఒక దారి, మైకు కోసం ఒక దారి ఉండేవి. పెద్దమనిషి మాట్లాడటానికి లేవగానే మైకు సెట్టు అతను పాట తగ్గించి మాట పెంచేవాడు. మిక్సింగ్ అనే మాట మనకు తెలియకముందే ఆ పని మన ఊళ్లో జరుగుతూనే ఉంది.

రికార్డుకూ రికార్డుకూ మధ్య ఉన్న ఖాళీని పూడ్చినవాళ్లు న్యూయార్క్ క్లబ్బుల డీజేలు. 1970 ప్రాంతంలో ఫ్రాన్సిస్ గ్రాసో అనే ఆయన రెండు టర్న్‌టేబుళ్లు పెట్టుకుని, ఒక పాట జనానికి వినిపిస్తుండగానే రెండోదాన్ని హెడ్‌ఫోనులో వింటూ, దరువు కలిసిన చోట దాన్ని లోపలికి తెచ్చేవాడు. 1972లో టెక్నిక్స్ ఎస్‌ఎల్-1200 టర్న్‌టేబుల్ వచ్చింది. ఆ పదేళ్లలోనే బోజాక్ మిక్సర్ క్లబ్బులకు చేరింది. రెండు ఛానళ్లుంటే పాట ఆగదు. డీజే పనికి పునాది అదే.

మరి మూడోది ఎందుకు? 1980ల చివర్లో ఇంగ్లండులో కార్ల్ కాక్స్ మూడు టర్న్‌టేబుళ్లు ఒకేసారి నడిపి పేరు తెచ్చుకున్నాడు. ఒకదాని దరువు, ఒకదాని పాట, ఇంకొకదాని వాయిద్యం కలిపి, ఏ రికార్డులోనూ లేని కొత్త పాట పుట్టించడమే ఆ విద్య. 1990ల మధ్యలో పయనీర్ డీజేఎం-500 వంటి నాలుగు ఛానళ్ల మిక్సర్లు వచ్చాక ఆ దారి అందరికీ తెరుచుకుంది.

అయితే ఛానళ్లు పెరిగినంత మాత్రాన చేతులు పెరగవు. ఒక్కో ఛానలుకు గెయిన్, మూడు టోన్ నాబ్‌లు, ఫేడరు, అంటే అయిదు చొప్పున వేసుకున్నా నాలుగింటికి 20 అవుతాయి. సమాన బలమున్న నాలుగు వేర్వేరు శబ్దాలు కలిస్తే మొత్తం శబ్దం సుమారు 6 డెసిబెల్స్ పెరుగుతుంది. రెండు పాటల బేస్ ఒకేసారి వదిలితే గుండె అదురుతుంది తప్ప దరువు తెలియదు. అందుకే తెలిసినవాడు కొత్త పాట తెచ్చేటప్పుడు పాతదాని బేస్ ముందే దించుతాడు. ఇక్కడ విద్య అంతా తగ్గించడంలోనే ఉంది. మేళంలో శ్రుతి పట్టే మనిషికి తెలిసింది కూడా ఇదే.

ఇప్పుడు మన బరాతులకు డీసీఎం బండి మీద బేస్ బాక్సులు, జనరేటరు వస్తున్నాయి. రెండు ఛానళ్లలో పాటలు, మూడోదాంట్లో మైకు. నాలుగోది చాలాసార్లు ఖాళీగానే ఉంటుంది. ఆ ఖాళీ ఎవరిదో మనం ఆలోచించాలి. బండి వచ్చాక తోలు కాచుకుని తయారైన డప్పు బండి వెనుక నడుస్తోంది. కొన్నిచోట్ల పిలుపే రావడం లేదు. రికార్డులో డప్పు మోగుతుంటే, దాన్ని తరతరాలుగా మోగించిన చేతులకు ఆ రోజు కూలి ఉండటం లేదు. ఆ నాలుగో ఛానలుకు ఒక మైకు తగిలించి, దాన్ని డప్పు ముందు పెట్టి, పాట బేస్ కొంచెం దించితే ఇద్దరికీ పని దొరుకుతుంది. ఆడేవాళ్లకు అసలైన దరువూ దొరుకుతుంది.

ఇంకో మాట బడి గురించి. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బహిరంగ ప్రదేశాల్లో లౌడ్‌స్పీకర్లు మోగించకూడదు. బడులు, ఆసుపత్రులు, కోర్టుల చుట్టూ కనీసం 100 మీటర్ల మేర నిశ్శబ్ద మండలంగా ప్రకటించవచ్చు. 2024లో హైదరాబాద్ పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను నిషేధించే దాకా వెళ్లారు. ఫాల్గుణంలో పెళ్లిళ్ల ముహూర్తాలూ, పదో తరగతి పరీక్షలూ తరచూ ఒకే రోజుల్లో పడతాయి. చదువుకునే పిల్లకు కిటికీ మూసినా బేస్ ఆగదు, గోడలోంచే వస్తుంది.

ఈ పనిలో ఉన్న తమ్ముళ్లకు ఒక పెద్దన్నగా చెప్పేది ఇంతే. మీ మిక్సరుకు నాలుగు ఛానళ్లుంటే నాలుగూ వాడండి. రెండు పాటకివ్వండి, ఒకటి మాటకు, ఒకటి డప్పుకు ఇవ్వండి. బడి దగ్గరికి రాగానే మాత్రం నాలుగింటినీ కిందికి దించండి.