మందుచీటీకి ముందు మునిసిపల్ తీర్మానం



సాధారణంగా ఇక్కడ ఒక వ్యాధి గురించో, ఒక ఔషధం గురించో రాస్తుంటాను. ఈసారి చరిత్ర రాస్తున్నాను. మన ఆరోగ్యానికీ పురపాలక సంఘపు సమావేశ మందిరానికీ ఉన్న సంబంధాన్ని మనం మరచిపోతున్నామని నాకు అనిపించడమే ఇందుకు కారణం.

వృత్తిలో ఉన్న రోజుల్లో ఏటా తొలకరి పడిన రెండు మూడు వారాలకు వాంతులతో, విరేచనాలతో వచ్చేవారి సంఖ్య ఒక్కసారిగా పెరిగేది. సెలైన్ ఎక్కించేవాళ్ళం, ఉప్పూ పంచదారా కలిపిన నీళ్ళు తాగించేవాళ్ళం, కోలుకున్నాక ఇంటికి పంపేవాళ్ళం. కొన్నాళ్ళకు ప్రతి రోగినీ "మీది ఏ వీధి?" అని అడగడం అలవాటు చేసుకున్నాను. సగం మంది రెండు మూడు వీధులవారే. ఒక వృద్ధురాలు నాతో అన్న మాట ఇప్పటికీ గుర్తుంది. "కొళాయి ఇప్పగానే మొదట మురుగునీరే వత్తాది బాబూ, తర్వాత తేటపడతాది" అన్నది. రోగ నిర్ధారణ ఆమే చేసింది. మురుగు కాలువలోంచి పోయే నీటి గొట్టం ఎక్కడో పగిలింది. దానికి చికిత్స నా చేతిలో లేదు. ఒక ఇంజినీరు వేసే అంచనాలోనూ, దానిని ఆమోదించే తీర్మానంలోనూ ఉంది.

మన ఉత్తరాంధ్రలో ఆ తీర్మానాలు చేసే సభలు ఎలా పుట్టాయో, ఎందుకు పుట్టాయో ఒకసారి చూద్దాం.

శ్రీకాకుళం పురపాలక సంఘం తన పుట్టుకను 1856గా చెప్పుకుంటుంది. అప్పటికి ఆ ఊరిని దొరలు చికాకోల్ అనేవారు. అది గంజాం జిల్లాలో ఉండేది. విజయనగరం పురపాలక సంఘం 1888లో ఏర్పడింది. 1901 జనాభా లెక్కల నాటికి శ్రీకాకుళంలో దాదాపు 18 వేల మంది, విజయనగరంలో దాదాపు 37 వేల మంది ఉండేవారు. నేటి లెక్కలో అవి పెద్ద గ్రామాలే. అయినా వాటికి ప్రత్యేకంగా ఒక సభ, ఒక పన్ను, ఒక ఖజానా ఎందుకు అవసరమయ్యాయి?

అందుకు ఉన్న కారణాలలో రోగభయం ముఖ్యమైనది. మద్రాసు నుంచి కలకత్తాకు పోయే పెద్ద బాట శ్రీకాకుళం మీదుగానే సాగేది. పూరీ జగన్నాథుని దర్శనానికి వెళ్ళే యాత్రికులు ఆ బాటనే నడిచేవారు. యాత్రికులతో పాటు కలరా కూడా నడిచేది. 1866 నాటి క్షామం గంజాం ప్రాంతాన్నీ ఒరిస్సానూ పీడించింది. ఆకలితో బక్కచిక్కిన దేహాలకు కలరా సోకితే ఏమవుతుందో వైద్యుడు చెప్పనక్కరలేదు.

1865లో మద్రాసు ప్రభుత్వం పట్టణాభివృద్ధి చట్టం చేసింది. ఆ చట్టం పట్టణాలకు పన్ను వేసే అధికారం ఇచ్చింది కానీ, వసూలైన సొమ్ములో పెద్ద భాగం పోలీసుల ఖర్చుకే పోయేది. 1871లో వచ్చిన చట్టం ఆ భారాన్ని తొలగించి, పాఠశాలలు, ఆసుపత్రులు, మశూచికి టీకాలు, జనన మరణాల నమోదు వంటి పనులను పురపాలక సంఘాలకు అప్పగించింది. 1882లో వైస్రాయి రిప్పన్ ప్రభువు స్థానిక స్వపరిపాలనపై తీర్మానం ప్రకటించాడు. దాని ఫలితమే 1884 నాటి జిల్లా పురపాలక చట్టం. ఎన్నికైన సభ్యులకు సభలో చోటు పెరిగింది. విజయనగరం పురపాలక సంఘం ఆ చట్టం వచ్చిన నాలుగేళ్ళకు పుట్టినది.

ఆ సభల పనులను ఒక్కొక్కటిగా తలచుకోండి. బావుల శుభ్రత, మురుగు కాలువలు, పాయిఖానాలు, సంత, కబేళా, శ్మశానం, టీకాలు, పుట్టిన గిట్టిన వారి లెక్క. ఇవన్నీ ప్రజారోగ్య విషయాలే. వీధిదీపాల వంటివి కొన్ని మిగిలాయి; విజయనగరంలో మూడు లాంతర్ల కూడలి పేరు ఆ దీపాల కాలాన్ని ఇప్పటికీ గుర్తుచేస్తుంది. పురపాలక సంఘమంటే మొదట ఒక ఆరోగ్య సంస్థ. రాజకీయం దానికి తరువాత వచ్చి చేరింది.

ఈ చరిత్రలో మరొక పుట ఉంది, అది సిగ్గుతో చదవవలసినది. గొట్టాలూ భూగర్భ మురుగు కాలువలూ లేని ఆ కాలంలో ఊరి మలాన్ని మనుషులు చేతులతో ఎత్తి, తలపై మోసుకుపోయేవారు. మన ప్రాంతంలో ఆ పని చాలావరకు రెల్లి కుటుంబాల మీద పడింది. సభలో తీర్మానం చేసినవారు ఒకరు, ఆ తీర్మానాన్ని తమ దేహంతో అమలు చేసినవారు మరొకరు. దేశంలో ఆ పనిని నిషేధించే చట్టం 1993లో గాని రాలేదు. దానిని బలపరుస్తూ మరొక చట్టం 2013లో వచ్చింది. ఊరు శుభ్రంగా ఉంటే ఆ పేరు సభకు దక్కింది, రోగం మాత్రం పనివారికి దక్కింది.

సభ చేసే నిర్ణయానికి ఎంత విలువ ఉంటుందో తెలియాలంటే ఒక్కసారి మన ఊరు దాటి వెళ్ళాలి. జర్మనీలో హాంబర్గ్, ఆల్టోనా అనే రెండు పట్టణాలు పక్కపక్కనే, ఒకే వీధికి అటూ ఇటూ ఉండేవి. రెండూ ఎల్బ్ నది నీటినే తాగేవి. ఆల్టోనా నీటిని ఇసుక పొరల గుండా వడకట్టి ఇచ్చేది. హాంబర్గ్ పెద్దలు మాత్రం వడపోత కేంద్రం ఖర్చు ఎవరు భరించాలన్న వాదనతో ఏళ్ళు గడిపారు. పని మొదలై ముగియకముందే, 1892 ఆగస్టులో కలరా వచ్చింది. కొద్ది వారాలలో హాంబర్గ్‌లో సుమారు 8,600 మంది మరణించారు. ఆల్టోనా చాలావరకు తప్పించుకుంది. రెండు పట్టణాల వైద్యులకూ తెలిసిన వైద్యం ఒకటే. తేడా వచ్చింది సభల నిర్ణయంలో.

ఆ పాఠం మన చట్టాలలోకి కూడా వచ్చింది. 1939లో మద్రాసు రాష్ట్రం ప్రజారోగ్య చట్టం చేసింది. స్వాతంత్ర్యానికి ముందే వచ్చిన ఆ చట్టం తరువాత ఆంధ్ర ప్రాంతంలోనూ కొనసాగింది. చాలినంత మంచినీరు అందించడం స్థానిక సంస్థ బాధ్యత అన్నది. జాతరలలో, ఉత్సవాలలో చేయవలసిన పారిశుధ్య ఏర్పాట్లకు ఒక అధ్యాయమే కేటాయించింది. అరసవల్లి రథసప్తమికీ, విజయనగరం పైడితల్లి సిరిమానోత్సవానికీ వచ్చే జనసందోహాన్ని చూసినవారికి ఆ అధ్యాయం విలువ తెలుస్తుంది. అన్నిటికంటె ముఖ్యంగా, పురపాలక సంఘం తన సొంత ఆదాయంలో 30 శాతానికి తగ్గకుండా ప్రజారోగ్యానికి కేటాయించాలని కూడా ఆ చట్టం నిర్దేశించింది. మీ ఊరి బడ్జెట్ ప్రతిని ఎప్పుడైనా చూస్తే ఈ అంకెను గుర్తుంచుకోండి.

ఇక సభ పని ఎలా సాగుతుందో కొంచెం చెప్పాలి. కమిషనర్ ఎజెండా సిద్ధం చేయిస్తారు. అది సభ్యులకు ముందుగా చేరాలి. ఫలానా వీధిలో కాలువ అని ఒక అంశం ఉంటే, దానికి ఇంజినీరింగ్ విభాగం అంచనా ఉంటుంది. సభ ఆమోదిస్తే టెండరు, తరువాత పని, చివరకు బిల్లు. చివరి నిమిషంలో తెచ్చే అంశాలను టేబుల్ ఎజెండా అంటారు. చదివే వ్యవధి లేకుండా ఆమోదం పొందేవి తరచు ఇవే. ఎజెండాలో ఒక పంక్తిగా కనిపించే "పైపులైను మార్పు, అంచనా ఇంత" అన్నదానిని సభ వాయిదా వేసిందంటే, ఆ వీధిలో వచ్చే వానాకాలపు విరేచనాలను కూడా ఆమోదించినట్లే.

విజయనగరానికి నీరు చంపావతి నదిలో నెల్లిమర్ల, రామతీర్థం వద్ద ఉన్న ఊటబావుల నుంచీ, గోస్తనీ నదిలో ముషిడిపల్లి నుంచీ వస్తుంది. శ్రీకాకుళానికి నాగావళి ఆధారం. నది ఇసుక కొంత వడపోత చేస్తుంది, మిగిలినది క్లోరిన్ చేయాలి. కానీ మన కొళాయిలు రోజంతా రావు. నీరు ఆగిన వేళ గొట్టంలో పీడనం పడిపోతుంది. పగులు ఉన్నచోట చుట్టూ ఉన్న మురుగు లోపలికి చేరుతుంది. మళ్ళీ నీరు వదలగానే ఆ మురుగే ముందు వస్తుంది. ఆ వృద్ధురాలు చెప్పినది అదే. అందుకే ఊరి చివరి కొళాయి దగ్గర కూడా లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలంటారు. ట్యాంకు దగ్గర పరీక్షిస్తే చాలదు.

ఇది పాత ముచ్చట అనుకోకండి. 2024 అక్టోబరులో విజయనగరం జిల్లా గుర్లలో అతిసారం ప్రబలింది. వందలాది మంది అస్వస్థులయ్యారు, కొందరు మరణించారు. కలుషిత జలమూ పారిశుధ్య లోపమూ చర్చకు వచ్చాయి. గుర్ల పట్టణం కాదు, పంచాయతీ. అయినా పాఠం ఒకటే. 1866లో మనకు సెలైన్ లేదు, సూక్ష్మజీవి సంగతి తెలియదు. 2024లో ఆ రెండూ ఉన్నాయి. అయినా అతిసారంతో మనుషులు పోయారంటే లోపం వైద్యశాస్త్రానిది కాదు.

ఇప్పుడు మనసుకు కష్టం కలిగించే విషయానికి వస్తాను. 1992లో చేసి 1993 జూన్ 1 నుంచి అమలులోకి తెచ్చిన 74వ రాజ్యాంగ సవరణ ప్రకారం పురపాలక సభ గడువు అయిదేళ్ళు. గడువు ముగిసేలోగా ఎన్నిక జరగాలి. శ్రీకాకుళంలో 2005లో ఎన్నికైన పాలకవర్గం గడువు 2010లో ముగిసింది. 2014లో రాష్ట్రంలోని పట్టణాలకు ఎన్నికలు జరిగాయి, శ్రీకాకుళంలో జరగలేదు. 2015 డిసెంబరులో శ్రీకాకుళం, విజయనగరం రెండూ నగరపాలక సంస్థలయ్యాయి. 2021 మార్చిలో విజయనగరం తన మొదటి నగరపాలక ఎన్నిక జరుపుకొంది. శ్రీకాకుళంలో అప్పుడూ జరగలేదు. సమీప పంచాయతీల విలీనం, వాటిపై న్యాయస్థానాలలో నడిచిన వివాదాలు కారణాలుగా చెప్పారు. కారణం ఏదైనా, ఎంతో పాత పురపాలక సంఘాలలో ఒకటైన ఊరు దశాబ్దానికి పైగా ప్రత్యేకాధికారుల పాలనలో గడిపింది.

ప్రత్యేకాధికారులను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. వారిలో సమర్థులు ఎందరో ఉంటారు. అయితే ఒక జిల్లా స్థాయి అధికారికి పదులకొద్దీ బాధ్యతలుంటాయి. ఏ వీధి కొళాయిలో మురుగు వస్తున్నదో ఆయనకు ఎవరు చెబుతారు? వార్డు సభ్యుడు ఎంత సామాన్యుడైనా, ఉదయం పాలు తెచ్చుకునే వేళ ఎదురుపడతాడు. ఆయన్ను నిలదీయవచ్చు. అయిదేళ్ళకోసారి ఆయనకు మన గుమ్మం ఎక్కక తప్పదు. వైద్య పరిభాషలో చెప్పాలంటే, వార్డు సభ్యుడు ఊరి దేహంలోని నొప్పిని చెప్పే నరం వంటివాడు. ఆ నరం లేకపోతే గాయం కనిపించేలోగా పుండు పడుతుంది.

2020 మార్చిలో కోవిడ్ మొదటి విడత వచ్చినప్పుడు స్థానిక ఎన్నికలను వాయిదా వేశారు. అప్పుడు రెండు నగరాలలోనూ ఎన్నికైన సభ లేదు. పారిశుధ్య కార్మికులు, ఆరోగ్య సిబ్బంది, వార్డు సచివాలయ ఉద్యోగులు ఎంతో శ్రమించారు. ఆ శ్రమకు నమస్కరిస్తూనే ఒక ప్రశ్న వేసుకోవాలి. రోగాలను ఎదుర్కోవడానికే పుట్టిన సభ, శతాబ్దంలో అతి పెద్ద రోగం వచ్చిన వేళ లేకపోవడం మనకు లోటుగా అనిపించిందా? అనిపించలేదంటే దాని పుట్టుకకు కారణాన్ని మనమే మరచిపోయామన్నమాట.

చివరగా, వైద్యునిగా నా సలహా. మీ ఊరిలో సభ ఉంటే దాని సమావేశం ఎప్పుడో తెలుసుకోండి. అవి సాధారణంగా ప్రజలు చూడగలిగినవే. మూడు ప్రశ్నలు అడగండి. మా వీధి చివరి కొళాయిలో క్లోరిన్ చివరిసారి ఎప్పుడు పరీక్షించారు? మురుగు కాలువలోంచి పోతున్న గొట్టాలు ఎన్ని, వాటిని మార్చడానికి అంచనా వేశారా? కాలువల్లో దిగే కార్మికులకు యంత్రాలూ తొడుగులూ ఇచ్చారా? సభ లేకపోతే నాలుగో ప్రశ్న అడగండి: ఎన్నిక ఎప్పుడు?

ఈలోగా కొళాయి నీరు మొదట వచ్చినది పారబోయండి, తాగే నీరు మరిగించండి. పిల్లలకు విరేచనాలైతే ఓఆర్ఎస్ వెంటనే మొదలుపెట్టండి, వైద్యుని దగ్గరకు తీసుకువెళ్ళండి. ఇవి మీ ఇంటిని కాపాడతాయి. వీధిని కాపాడేది మాత్రం తీర్మానమే.