ఏటికొప్పాక లక్కపిడతలు

సత్యనారాయణ వ్రతానికి విశాఖ నుంచి అన్నవరం వెళ్లే కార్లలో కొన్ని ఎలమంచిలి దాటాక హైవే దిగి లోపలికి తిరుగుతాయి. వరాహ నది ఒడ్డున ఉన్న లక్కబొమ్మల ఊరు ఏటికొప్పాక అక్కడికి దగ్గరే. పిల్లలు బొంగరాల దగ్గర ఆగిపోతారు, ఆడవాళ్లు కుంకుమ భరిణెలు తిప్పి తిప్పి చూస్తారు, మగవాళ్లు ధర అడిగి కనుబొమలు ఎగరేస్తారు. ఇంత చిన్న చెక్కముక్కకు అంత ధరా అని.

ఆ చెక్క అంకుడు కర్ర. తెల్లగా, మెత్తగా, తేలిగ్గా ఉంటుంది. కర్ణాటకలో చన్నపట్న బొమ్మలకూ ఇదే కర్ర. కొట్టిన వెంటనే పనికిరాదు, నెలల తరబడి ఆరాలి. పచ్చిగా ఉండగా చెక్కితే తర్వాత పగుళ్లిస్తుంది.

కొండపల్లి బొమ్మతో దీన్ని కలిపేసేవాళ్లు చాలామంది. నిజానికి రెండింటికీ పోలిక తక్కువ. కొండపల్లిలో పొణికి కర్రను ఉలితో చెక్కి, ముక్కలు అతికించి, కుంచెతో రంగులేస్తారు. అందుకే అక్కడ ఏనుగు అంబారీ ఉంటుంది, తాటిచెట్టెక్కే గీత కార్మికుడూ ఉంటాడు. ఏటికొప్పాకలో పనంతా లేతు మిషను మీదే. కర్ర తిరుగుతుంటే ఉలి ఆనిస్తారు కాబట్టి ఏం చేసినా ముందు గుండ్రంగానే వస్తుంది. ఈ ఊరికి పేరు తెచ్చిన సరుకు లక్కపిడతలే, అంటే పిల్లలు ఆడుకునే బుల్లి వంటసామానే, కావడానికి కారణం ఇదేనని నాకనిపిస్తుంది. మన వంటింటి సామాను చూడండి: రోలు, రోకలి, తిరగలి, బిందె, చెంబు, అన్నీ గుండ్రమే. లేతుకు అంతకంటే కావలసిందేముంది?

రంగు వేసే తీరు చూడాలంటే పనివాడి పక్కన కాసేపు నిలబడాలి. లక్క అంటే చెట్ల కొమ్మల మీద లక్కపురుగులు వదిలే జిగురు. దాన్ని నిప్పుల మీద మెత్తబరిచి, రంగు కలిపి, తీర్థంలో జీళ్లపాకం సాగదీసినట్టు మళ్లీ మళ్లీ సాగదీసి కడ్డీలు చేస్తారు. ఆ కడ్డీని తిరుగుతున్న కర్రకు ఆనిస్తే రాపిడి వేడికి లక్క కరిగి పట్టుకుంటుంది. కుంచె లేదు, తడి లేదు, ఆరబెట్టే పనీ లేదు. చివర్న మొగలి ఆకు మడిచి గట్టిగా అదుముతారు. అప్పటిదాకా మందంగా, మచ్చలుగా ఉన్న రంగు క్షణంలో నున్నగా పరుచుకుని అద్దంలా మెరుస్తుంది.

ఈ పని నాలుగు వందల ఏళ్ల నాటిదని అంటారు. ఎంత పాతదన్న మాట అటుంచితే, కొనేవాళ్లు మారినప్పుడల్లా బొమ్మ మారిందన్నది మాత్రం స్పష్టం. ఊళ్లో ఆడపిల్లలు, తీర్థాలు, సంక్రాంతి బొమ్మల కొలువులు ఉన్నన్నాళ్లూ లక్కపిడతలు సాగాయి. ప్లాస్టిక్ వచ్చాక ఆ గిరాకీ పడిపోయింది. ఖర్చు తగ్గించుకోవడానికి బజారు రంగులు వచ్చాయి. చవక, కొట్టొచ్చే మెరుపు. కానీ పిల్లలు బొమ్మల్ని నోట్లో పెట్టుకుంటారు కదా! రంగుల్లో సీసం లాంటివి ఉండకూడదన్న విదేశీ కొనుగోలుదారుల దగ్గర ఆ మెరుపు చెల్లదు.

ఈ ఊరివాడైన సి.వి. రాజు పట్టుదల ఇక్కడే అక్కరకొచ్చింది. పసుపు, నీలిమందు, జాఫ్రా గింజలు, కరక్కాయ వంటి వాటి నుంచి తీసిన రంగుల్ని లక్కలో ఇమిడేలా చేసి, కళాకారుల చేత పట్టించారు. చెప్పినంత సులువు కాదది. నీళ్లలో కరిగే రంగు లక్కలో కలవదు, దాన్ని పొడిగా మార్చుకోవాలి. 2017లో ఏటికొప్పాక బొమ్మలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది, 2023లో రాజుకు పద్మశ్రీ. 2025 గణతంత్ర దినోత్సవ కవాతులో ఆంధ్రప్రదేశ్ శకటం మీద ఊరేగినవీ ఈ బొమ్మలే.

పేరొచ్చింది సరే, కర్ర ఏదీ? అంకుడు అడవి చెట్టు, దొరకడం కష్టమవుతోంది. లక్క ధర, కరెంటు బిల్లు ఉండనే ఉన్నాయి. "కొంచెం తగ్గించు బాబూ" అంటే "గిట్టదమ్మా" అన్న జవాబు ఊరికే వచ్చేది కాదు. అలాగని బేరమే ఆడకూడదని నేననను. ప్రభుత్వ హస్తకళల దుకాణాలైన లేపాక్షి షాపుల్లో రాసిన ధరే ధర. ఊళ్లో అయితే నాలుగు సెట్లు కలిపి తీసుకుంటామంటే వాళ్లే ఓ మెట్టు దిగుతారు. ఒక్క బొంగరం పట్టుకుని పది రూపాయల దగ్గర పావుగంట పీకులాడటం మాత్రం చూడ్డానికి బాగోదు.

కొనేముందు రంగు చూడండి. మొక్కల రంగులు కాస్త నెమ్మదిగా ఉంటాయి, కళ్లలో పొడిచే గులాబీ కనిపిస్తే అనుమానించాల్సిందే. తర్వాత భరిణె మూత తీసి పెట్టి చూడండి. మంచి పనివాడి చేతిదైతే బిగువుగా కూర్చుంటుంది, తలకిందులు చేసినా ఊడదు. మూత వదులైన భరిణె ఎంత తగ్గించి ఇచ్చినా తీసుకోకండి, ఇంటికెళ్లేసరికి సంచీ అంతా కుంకుమే.