గరబంధ నుంచి నియమగిరి దాకా

పర్లాకిమిడి దగ్గర గరబంధ అనే ఊరుంది. ఇప్పుడది ఒడిశాలోని గజపతి జిల్లాలో చేరింది. ఆ ఊరి పేరు మనలో చాలామందికి తెలియదు గాని, రాజ్యాంగ చట్టం శ్రద్ధగా చదివిన వకీళ్ళకు బాగా తెలుసు. శిస్తు పెంపును ఖాయం చేస్తూ రెవెన్యూ బోర్డు ఇచ్చిన ఉత్తర్వును రద్దు చెయ్యమని పర్లాకిమిడి జమీందారీ రైతులు మద్రాసు హైకోర్టును రిట్టు అడిగారు. అక్కడ చుక్కెదురైతే లండనులోని ప్రీవీ కౌన్సిలు దాకా వెళ్ళారు. 1943లో అక్కడా ఓడిపోయారు.

ఎందుకు ఓడారో చూడండి. మద్రాసు హైకోర్టుకు అలాంటి రిట్టు ఇచ్చే అధికారం అంతకు ముందున్న పాత సుప్రీంకోర్టు నుంచి వారసత్వంగా వచ్చింది. ఆ పాత కోర్టు అధికారం మద్రాసు పట్నం పొలిమేర వరకే. పట్నం దాటితే అది చెల్లేది విలాయతీ ప్రజల మీదనే. గంజాం జిల్లా రైతు ఆ లెక్కలోకి రాడు. బోర్డు మద్రాసులోనే కూర్చుని ఉత్తర్వు ఇచ్చి ఉండవచ్చు, అయినా భూమి పట్నంలో లేదు కనుక రిట్టు లేదన్నారు. పన్ను కట్టేటప్పుడు అందరూ చక్రవర్తిగారి ప్రజలే. న్యాయం అడిగేటప్పుడు మాత్రం ఎక్కడ పుట్టావు, ఎక్కడ ఉంటున్నావు అనే ప్రశ్న వచ్చింది.

మన కొండ ప్రాంతం సంగతి ఇంతకంటే మెరుగేమీ కాదు. 1839 నాటి చట్టంతో గంజాం, విశాఖపట్నం ఏజెన్సీలలో మామూలు కోర్టుల అధికారం తొలగించి, కలెక్టరునే గవర్నరుగారి ఏజెంటుగా చేసి, సివిలు, క్రిమినలు వ్యవహారాలు రెండూ ఆయన చేతిలో పెట్టారు. రాయగడ, గుణుపురం, జయపురం, కోరాపుట్ అన్నీ ఆ ఏజెన్సీలోవే. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి కోరాపుట్ జిల్లా అందులో కలిసినప్పుడు హైకోర్టు మద్రాసు నుంచి పాట్నాకు మారింది. 1948 జూలై 26న కటకంలో ఒరిస్సా హైకోర్టు మొదలయ్యింది. ఊళ్ళు ఉన్నచోటనే ఉన్నాయి, దస్తావేజుల మూటలు మాత్రం పన్నెండేళ్ళలో రెండుసార్లు దారి మార్చుకున్నాయి.

రాజ్యాంగం రాసినవాళ్ళకు గరబంధ గుర్తుంది. ఇది నా ఊహ కాదు. పర్లాకిమిడి తీర్పు పెట్టిన అడ్డు తొలగించడానికే 226వ అధికరణం హైకోర్టులన్నిటికీ రిట్టు అధికారం ఇచ్చిందన్న సంగతిని 1953లో ప్రధాన న్యాయమూర్తి పతంజలి శాస్త్రి చర్చించారు. వింత ఏమిటంటే, ఆ మాట వచ్చిన తీర్పు కూడా దూరం దగ్గరే ఆగిపోయింది. కాకినాడ నుంచి మద్రాసు శాసనసభకు ఎన్నికైన సాకా వెంకటరావుగారి సభ్యత్వం మీద ఎన్నికల సంఘం విచారణ తలపెట్టింది. మద్రాసు హైకోర్టు దాన్ని ఆపింది. సుప్రీంకోర్టేమో, ఎన్నికల సంఘం ఢిల్లీలో ఉంది కనుక మద్రాసు రిట్టు అక్కడికి చేరదంది. ఆ చిక్కు విప్పడానికి 1963లో పదిహేనవ సవరణ కావలసి వచ్చింది.

ఇదంతా ఇప్పుడెందుకంటారా? సుప్రీంకోర్టును సంస్కరించాలన్న మాట దేశంలో చాలా కాలంగా నలుగుతున్నది. కాని అది ఎప్పుడూ ఒకే గుంజ చుట్టూ తిరుగుతుంది, న్యాయమూర్తులను ఎవరు ఎంచాలి అని. 1993 తీర్పుతో కొలీజియం వచ్చింది. 2014లో పార్లమెంటు తొంభై తొమ్మిదవ సవరణతో నియామకాల కమిషన్ను తెచ్చింది. 2015 అక్టోబరు 16న అయిదుగురు న్యాయమూర్తుల్లో నలుగురు దాన్ని కొట్టేశారు. ఒప్పుకోని ఒక్కరూ జాస్తి చలమేశ్వర్. మన తెలుగాయన అని ఇక్కడ కొందరు మురిసిపోయారు. 2021లో ఎన్.వి. రమణగారు ప్రధాన న్యాయమూర్తి అయినప్పుడూ అంతే. మురిపెం సహజమే. కాని రాయగడలో అంగడి పెట్టుకున్న తెలుగువాడు ఈ దేశపు పౌరుడైంది తెలుగువాడు కనుక కాదు. ఒరియావాడికి, కువి మాట్లాడే డోంగ్రియా కోందుకు ఏ కాగితం మీద హక్కులున్నాయో, అదే కాగితం మీద మనకూ ఉన్నాయి. జాతి అంటే భాషో రక్తమో కాదనీ, ఒకే చట్టం కింద సమానంగా నిలబడే జనమనీ నమ్మేవాళ్ళలో నేనొకణ్ణి. అలా నమ్మినవాడు పీఠం మీద ఎవరు కూర్చున్నారన్నదాని కంటే, ఆ పీఠం ముందుకు ఎవరు చేరగలరన్నది ముందు అడగాలి.

కొటియా ఊళ్ళనే తీసుకోండి. కోరాపుట్ జిల్లా పొట్టంగి బ్లాకులో, సాలూరుకు ఎగువన, ఇరవై ఒక్క ఊళ్ళ మీద రెండు రాష్ట్రాల తగవు. 1968లో ఒరిస్సా ప్రభుత్వం సుప్రీంకోర్టులో దావా వేసింది. ఎక్కడివాళ్ళు అక్కడే ఉండమంది కోర్టు. 2006లో, అంటే ముప్ఫై ఎనిమిదేళ్ళకు, ఈ దావా ఇక్కడ నిలవదని కొట్టేసింది. 2021లో ఆంధ్ర ప్రభుత్వం అక్కడ పంచాయితీ ఎన్నికలు పెడితే కోర్టు ధిక్కారమంటూ ఒడిశా మళ్ళీ ఢిల్లీ వెళ్ళింది. ఆ ఊళ్ళలో రెండేసి రేషను కార్డులు, రెండేసి ఓటరు కార్డులు ఉన్నవాళ్ళున్నారు. దావాలో వాది రాష్ట్రం, ప్రతివాది రాష్ట్రం. ఆ ఊళ్ళవాళ్ళను నిలబెట్టి అడిగే చోటు అందులో లేదు.

అదే కోర్టు నియమగిరి విషయంలో ఇంకో దారి పట్టింది. మొదట కాదు సుమా. 2008 ఆగస్టులో ఆ కొండ మీద బాక్సైటు తవ్వకానికి పచ్చజెండా ఊపింది కూడా ఆ కోర్టే. 2013 ఏప్రిల్ 18న మాత్రం, అటవీ హక్కుల చట్టం ప్రకారం ఈ సంగతి గ్రామసభలు తేల్చాలనీ, జిల్లా జడ్జీ స్థాయి అధికారి పరిశీలకుడుగా అక్కడ ఉండాలనీ చెప్పింది. కొండ మీద నూరుకు పైగా ఊళ్ళుంటే ప్రభుత్వం పన్నెండే ఎంచింది, ఏడు రాయగడ జిల్లావి, అయిదు కలహండివి. జూలై 18న సెర్కపాడిలో మొదటి సభ, ఆగస్టు 19న జరపాలో ఆఖరిది. పన్నెండూ వద్దనే అన్నాయి. తవ్వకం ఆగింది. ఫలితం సరే, నాకు ముఖ్యమనిపించేది సభ జరిగిన తీరు. జడ్జీగారే కొండెక్కారు, జనం తమ మాటలో చెప్పారు. కోర్టు మనిషి దగ్గరికి వస్తే ఏమవుతుందో అప్పుడు తెలిసింది. మళ్ళీ సభలు పెట్టించమని మైనింగు కార్పొరేషను 2016లో అడిగితే సుప్రీంకోర్టు వినలేదు.

కోర్టును కదిలించడానికి రాజ్యాంగ సవరణ కూడా అక్కరలేదు. 130వ అధికరణం ప్రకారం, రాష్ట్రపతి అనుమతితో ప్రధాన న్యాయమూర్తి ఎక్కడ చెబితే సుప్రీంకోర్టు అక్కడ కూర్చోవచ్చు. కొత్తల్లో, 1950లో, హైదరాబాదులో కూర్చుంది కూడా. 2009లో లా కమిషన్ తన 229వ నివేదికలో రాజ్యాంగ ధర్మాసనం ఢిల్లీలో ఉంచి, అప్పీళ్ళకు నాలుగు దిక్కులా నాలుగు ధర్మాసనాలు పెట్టమంది. తూర్పుకు కలకత్తా, దక్షిణానికి చెన్నై గాని హైదరాబాదు గాని. 2010లో న్యాయమూర్తులందరూ కూడి, అవసరం లేదని తేల్చారు. కోర్టు ముక్కలైతే దేశపు ఐక్యత దెబ్బతింటుందని ఒక వాదన ఉంది. నాకది సబబుగా తోచదు. ఢిల్లీ చుట్టుపక్కల రాష్ట్రాల నుంచి అప్పీళ్ళు ధారాళంగా వెళ్ళి, దూరపు రాష్ట్రాల నుంచి పలచబడిపోతుంటే, ఆ ఐక్యత ఎవరి మధ్య ఉన్నట్టు? 2023లో ఒడిశా హైకోర్టు జిల్లా కేంద్రాలలోనే వర్చువల్ హైకోర్టులు తెరిచింది. అప్పుడు కటకం పరువేమీ తగ్గలేదు.

ఇక భాష. 348వ అధికరణం వల్ల సుప్రీంకోర్టు మాట ఇంగ్లీషే. 2019లో తీర్పుల అనువాదాలు మొదలుపెట్టినప్పుడు తొలి విడత ఆరు భాషల్లో తెలుగూ ఉంది, ఒడియా కూడా ఉంది. మనబోటి రెండు భాషల ఇళ్ళకు అది చిన్న విషయం కాదు. కువి ఆ జాబితాలో లేదు. రాజ్యాంగపు ఎనిమిదవ షెడ్యూలులోనూ లేదు. నియమగిరి తీర్పు ఎవరి కొండ గురించి వచ్చిందో వాళ్ళకు దాన్ని ఇప్పటికీ పక్కవాడు చదివి చెప్పాలి.